కౌలు పొలంలో ప్రకృతి సేద్యం: నాన్నను ఎలా ఒప్పించాలి?

ప్రశ్న: మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎకరంన్నర సొంత పొలం ఉంది. నాన్న ఇంకో ఐదెకరాలు కౌలుకు చేస్తారు. వరి, అది కోశాక మొక్కజొన్న. ఆ ఐదెకరాల ఆసామి డల్లాస్‌లో ఉంటారు. వరికి ఎకరాకు 18 బస్తాలు కౌలు, రెండో పంట మాదే. మంచి ఏడాది ఎకరాకు 32 బస్తాలు అవుతాయి. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. మందులు కొట్టీ కొట్టీ నాన్న చేతులు పొక్కుతున్నాయి. ప్రకృతి వ్యవసాయానికి మారమని ఎన్నోసార్లు చెప్పాను, వీడియోలు చూపించాను, శిక్షణకు కూడా పంపించాను. వెళ్లి వచ్చి ‘బాగానే చెప్పారు, మనకు కుదరదు’ అన్నారు. ఇప్పుడు పండక్కి ఇంటికి వెళ్తే ఇదే గొడవ, అమ్మకు టెన్షన్. రైతులు ఎందుకు మారరు? సిక్కింలోలా ప్రభుత్వమే రసాయనాలను నిషేధిస్తే సరిపోదా? నేను ఉద్యోగం మానేసి వచ్చి చేసి చూపించాలా?

సమాధానం: మీ నాన్న ప్రకృతి సేద్యం తప్పని అనలేదు. తన పరిస్థితిలో కుదరదన్నారు. మీరు ఉత్తరంలో ఇచ్చిన అంకెలతోనే ఆ పరిస్థితి ఏమిటో చూద్దాం.

ఎకరాకు 32 బస్తాల్లో 18 ఆసామికి పోతే మీకు మిగిలేవి 14. మారిన మొదటి ఏడాది దిగుబడి నాలుగు బస్తాలు తగ్గిందనుకోండి. చేను మొత్తం మీద చూస్తే అది ఎనిమిదో వంతు నష్టమే. కానీ ఆసామి 18 బస్తాలు చెక్కుచెదరవు, తగ్గిన నాలుగూ మీ 14లోంచే పోతాయి. అంటే మీ వాటాలో నూటికి 28కి పైగా ఒక్క పంటలో పోయినట్టు. 2025-26 మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయల ప్రకారం బస్తాకు 75 కిలోల లెక్కన ఆ నాలుగు బస్తాల విలువ దాదాపు 7,100. ఐదెకరాలకు 35,000 దాటుతుంది. ఇక యూరియా మానేస్తే మిగిలేదెంత? 45 కిలోల బస్తా 266 రూపాయల చిల్లర. ఎకరాకు మూడు బస్తాలు వేస్తారనుకున్నా 800. అర బస్తా వడ్ల ఖరీదు కూడా కాదు. 800 మిగుల్చుకోవడానికి 7,100 పోగొట్టుకునే ప్రమాదం ఎవరైనా నెత్తికెత్తుకుంటారా? దిగుబడి అసలు తగ్గకపోవచ్చు. ఆంధ్ర పొలాల్లోనే ఇంగ్లండ్‌లోని రెడింగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన ప్రయోగాల్లో ప్రకృతి సేద్యం దిగుబడి రసాయన సేద్యం కంటే తగ్గలేదు. మరోవైపు 2019లో జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ ఈ పద్ధతికి తగినన్ని రుజువులు లేవంది. శాస్త్రవేత్తలే ఒక మాట మీదకు రాని విషయంలో తన ఐదెకరాలతో పందెం కాయనన్నందుకు మీ నాన్నను తప్పు పట్టలేను.

‘రైతులు ఎందుకు మారరు’ అన్నారు. మీ ప్రాంతంలోనే చూడండి. ఒకప్పుడు వరి తర్వాత మినుము వేసేవారు. పల్లాకు తెగులు, బంగారుతీగ, కాలువ నీళ్లు ఆలస్యమై వరి కోతలు వెనక్కి పోవడం, వీటన్నిటితో మినుము దెబ్బతింది. అప్పుడు వరి కోసిన మడిలో దున్నకుండానే మొక్కజొన్న పెట్టడం మొదలైంది. మీ చుట్టుపక్కల రైతులే కొద్ది ఏళ్లలో వేల ఎకరాల్లో అలా మారిపోయారు. ఏ ఇంట్లోనూ కొడుకులు తండ్రులతో పోట్లాడి ఒప్పించలేదు. దుక్కి ఖర్చు మిగిలింది, కోళ్ల దాణా వాళ్లు కొన్నారు, డబ్బు కనబడింది. ఆ మార్పు వెంట కలుపు మందులు, యూరియా కూడా పెరిగాయన్నది నాకు బాధ కలిగించే విషయమే. కానీ రైతు మారడన్న మాట మాత్రం నిజం కాదు. నీరు పల్లమెరుగు అంటారు. సేద్యమూ అంతే, విధానాలు ఎటు వాలుగా ఉంటే అటు పోతుంది. ఈ వాలు ఎవరు, ఎప్పుడు ఏర్పాటు చేశారో తెలిస్తే మీ నాన్న మీద కోపం చాలావరకు తగ్గుతుంది.

రసాయన సేద్యం మన డెల్టాకు వచ్చినప్పుడు శిక్షణ ఒక్కటే రాలేదు. 1960ల మధ్యలో వరుస కరువులు, అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూపులు. 1965లో భారత ఆహార సంస్థ, ధరల కమిషన్ రెండూ ఏర్పడ్డాయి. పండిస్తే కొనేవాడున్నాడు, ధర ముందే తెలుసు. 1967 ప్రాంతంలో పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఐఆర్-8 అనే అధిక దిగుబడి వరి వంగడం పండించి దేశమంతా పేరు తెచ్చుకున్నారు. 1969లో బ్యాంకుల జాతీయం, పంట అప్పులు. 1977లో ఎరువుల కంపెనీలకు ఖర్చులు కట్టిచ్చి రైతుకు తక్కువ ధరకు ఇప్పించే పద్ధతి. కాలువలు ముందే ఉన్నాయి. విత్తనం, నీరు, ఎరువు, అప్పు, కొనుగోలు అన్నీ ఒకే దిక్కుకు నడిచాయి. ఒక సీజన్ పోయినా రైతు నిలబడే ఏర్పాటు అది. అందుకే మీ తాతగారి తరం అంత తొందరగా మారింది.

ఇప్పుడు వెనక్కి మళ్లమంటున్నాం. ఇందుకు ఇస్తున్నదేమిటి? 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌కు రాష్ట్రాల వాటా కలుపుకుని 2,481 కోట్లు. ఎరువుల సబ్సిడీకి ఒక్క 2023-24లోనే 1.8 లక్షల కోట్లకు పైగా ఖర్చయింది. యూరియా బస్తా అసలు ఖరీదు 2,200 దాకా ఉంటుందని 2023లో కేంద్రమే చెప్పింది. ఆ తేడా అంతా ఖజానా భరిస్తోంది. మీ అమ్మ పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి కలిపి 200 లీటర్ల జీవామృతం తయారు చేస్తే ఆ పనికి ఆ స్థాయిలో సాయం ఏదీ అందదు. రెండు దారుల్లో ఒకదానికి దాదాపు పదింట తొమ్మిది వంతులు ప్రభుత్వం కట్టి, రెండోదానికి నామమాత్రంగా ఇస్తే జనం ఎటు వెళ్తారు? 2010లో పోషకాల ఆధారంగా సబ్సిడీ ఇచ్చే పద్ధతి తెచ్చి, యూరియాను మాత్రం దాని బయట ఉంచారు. భాస్వరం, పొటాష్ ధరలు పెరిగాయి, యూరియా అక్కడే నిలిచింది. ఆ తర్వాత చేలలో యూరియా వాడకం పెరిగిందని ఆశ్చర్యపోవడానికి ఏముంది? ఏ పార్టీ వచ్చినా ఆ ధర ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏమవుతుందో వాళ్లకు తెలుసు. 2025 ఖరీఫ్‌లో బస్తా కొరత పడితేనే మన రెండు రాష్ట్రాల్లో రైతులు చెప్పులు వరుసలో పెట్టి నిలబడ్డారు.

సబ్సిడీ తీసేసి ఆ డబ్బు ఎకరాల లెక్కన రైతు ఖాతాలో వేస్తే పోదా అని చాలామంది నిపుణులు అంటారు. వినడానికి న్యాయంగా ఉంటుంది. మీ ఇంటి వైపు నుంచి చూడండి. ఎకరాల లెక్కన డబ్బు పడేది పాసుపుస్తకం ఉన్నవారికి. తెలంగాణలో 2018లో రైతుబంధు మొదలైనప్పుడు ఎకరాకు సీజన్‌కు 4,000, తర్వాత 5,000 పట్టాదారుకు వెళ్లాయి. చేలో నిలబడ్డ కౌలురైతుకు ఆ పథకంలో చోటే లేదు. యూరియా బస్తా అలా కాదు. ఎవరు కొంటే వాళ్లకే సబ్సిడీ. సాధారణంగా ఆధార్ చూపించి వేలిముద్ర వేస్తే చాలు, పొలం ఎవరిదని అడగరు. ప్రభుత్వం నుంచి మీ నాన్నకు పాసుపుస్తకంతో పని లేకుండా చేతికందే సాయాల్లో అదే పెద్దది. దాన్ని తీసేసి ఎకరాల మీద ఇస్తామంటే, ఆ ఐదెకరాల డబ్బు డల్లాస్ ఆసామి ఖాతాకు వెళ్తుంది, యూరియా ధర మీ నాన్న మీద పడుతుంది. నేలకు మంచిదని మనం కోరుకునే సంస్కరణే కౌలురైతును రెండు వైపులా కొడుతుంది. కాబట్టి సాగు చేసేవాడు ఎవరో ముందు కాగితం మీదకు రావాలి, ఆ తర్వాతే సబ్సిడీ బస్తా నుంచి నేలకు మారాలి. ఈ వరుస తప్పితే పర్యావరణం పేరుతో పేదవాడికి అన్యాయం చేసినవాళ్లమవుతాం. ఈ మాట మాత్రం నేను గట్టిగా నమ్ముతాను.

కాగితం దగ్గరే అసలు చిక్కు. 2019 నాటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో కౌలుకు తీసుకున్న కమతాలు నూటికి 17 అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 42. అందులో ఎక్కువ భాగం నోటిమాట మీద నడిచేదే. ఇది రైతుల అజ్ఞానం వల్ల వచ్చింది కాదు. 1956 నాటి ఆంధ్ర ప్రాంత కౌలు చట్టం ఏ కౌలైనా కనీసం ఆరేళ్లు ఉండాలంది. కౌలుదారు మేలు కోసం పెట్టిన నియమమే. భూమి చేజారుతుందన్న భయంతో యజమానులు అసలు కాగితమే రాయడం మానేశారు. 2011లో కౌలురైతులకు రుణ అర్హత కార్డులు, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. రెండో చట్టంలో కౌలు గడువు 11 నెలలు, యజమాని సంతకం తప్పనిసరి. భూమి మీద హక్కుకు ఏ ఢోకా లేదని అందులో స్పష్టంగా ఉన్నా చాలామంది సంతకం పెట్టరు.

మరి ఈ 11 నెలలకు, ప్రకృతి సేద్యానికి పొత్తు ఎలా కుదురుతుంది? నేలలో సేంద్రియ పదార్థం పెరగడానికి, వానపాములు తిరిగి రావడానికి ఏళ్లు పడుతుంది. సేంద్రియ ధ్రువీకరణకు కూడా రెండు మూడేళ్ల మార్పిడి కాలం కావాలి. మీ నాన్న రెండేళ్లు దిబ్బ ఎరువు తోలి, పచ్చిరొట్ట ఎరువుగా జీలుగు పెంచి కలియదున్ని, గట్లు బాగుచేసి నేలను నిలబెడితే, మూడో ఏడాది ఇంకొకరు 20 బస్తాలు ఇస్తామని వస్తారు. బాగుపడ్డ నేలే కౌలు పెరగడానికి కారణమవుతుంది. యూరియా అయితే వేసిన పంటలోనే తిరిగొస్తుంది. రేపు ఉంటుందో లేదో తెలియని పొలంలో ఈ పంటకే పనికొచ్చేది వేయడం తెలివైన పనే.

మీ ఉత్తరంలో లేని విషయం ఒకటి అడుగుతాను. నాన్న ఎరువులు, మందులు ఎక్కడ తెస్తున్నారు? డబ్బు పెట్టి కొంటున్నారా, ఖాతా మీదా? చాలా ఊళ్లలో ఖాతా మీదే. ఖాతా ఇచ్చే కొట్టు యజమానే చేలో పురుగు పడితే ఏ మందు కొట్టాలో చెప్తాడు. కొన్నిచోట్ల పంట కొనేదీ ఆయనే. కౌలురైతుకు బ్యాంకు అప్పు పుట్టడం కష్టం, ఆ కొట్టే రైతుకు బ్యాంకు. మందు మానేస్తానంటే ఖాతా ఆగిపోతుందేమోనన్న భయం ఉంటుంది. ఆ భయం కొడుకుతో చెప్పుకోరు.

ఈ ముడి విప్పిన ఊళ్లు లేకపోలేదు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల సంగతి చూడండి. 1990లలో పత్తి మందుల అప్పుల్లో కూరుకుపోయిన ఊరు అది. స్వచ్ఛంద సంస్థల తోడుతో మహిళా సంఘాలు వేప గింజల కషాయం, మగ పురుగులను ఆకర్షించి పట్టే లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు మొదలుపెట్టాయి. 2000 తొలి ఏళ్లకు ఊరంతా పురుగుమందులు మానేసింది. ఇక్కడ గమనించాల్సింది కషాయాన్ని కాదు. ఊరంతా కలిసి ఒకేసారి మానేయడం, ఆడవాళ్ల సంఘం దగ్గర పొదుపు డబ్బు ఉండటం, వేప పిండి ఊళ్లోనే తయారవడం, వీటివల్ల కొట్టు మీద ఆధారపడటం తగ్గింది. ఈ అనుభవమే పేదరిక నిర్మూలన సంస్థ ద్వారా ఉమ్మడి రాష్ట్రంలో చాలా జిల్లాలకు పాకింది. నేటి ఆంధ్రప్రదేశ్ ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం పునాది కూడా అదే. దాన్ని నడిపే రైతు సాధికార సంస్థ ఆ కార్యక్రమాన్ని మహిళా సంఘాల మీదే నిలబెట్టింది. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్ సంస్థ ఇచ్చే గుల్బెంకియన్ మానవతా పురస్కారంలో భాగం దక్కింది. లక్షల మంది రైతులు అందులో చేరారు. అయితే 60 లక్షల రైతులను 2024కల్లా మారుస్తామని 2018లో చెప్పుకున్న లక్ష్యం మాత్రం చాలా దూరంలోనే ఉండిపోయింది. నా అభిప్రాయంలో లోపం ఊళ్లలో పనిచేసేవాళ్లది కాదు. ఆడవాళ్ల సంఘాల మీద ఎంత మంచి కార్యక్రమం కట్టినా, చుట్టూ ఉన్న యూరియా ధర, కౌలు పద్ధతి, పంట అప్పు, వడ్ల కొనుగోలు పాతవే అయితే అది ఏటికి ఎదురీతే.

వడ్ల కొనుగోలు సంగతే తీసుకోండి. ప్రభుత్వం మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ చూస్తుంది, తాలు చూస్తుంది. మందు కొట్టారా లేదా అని చూడదు. మీ వడ్లు, పక్కవారి వడ్లు ఒకే లారీలో ఒకే మిల్లుకు పోతాయి. పది పదిహేను బస్తాలు విడిగా ఆడించమంటే పెద్ద మిల్లు ఒప్పుకోదు. ఒడిశాలో 2017లో మొదలైన చిరుధాన్యాల మిషన్‌లో ఇంకో దారి కనిపించింది. ఆదివాసీ ప్రాంతాల్లో రాగులు వేయమని చెప్పి ఊరుకోలేదు. ప్రభుత్వమే మద్దతు ధరకు కొని రేషన్‌లో ఇచ్చింది, అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలుగా పెట్టింది. అంతకు చాలా ముందే, 1990లలో, జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు బీడు భూముల్లో జొన్న వేయించి, అప్పును గింజల రూపంలో తిరిగి తీసుకుని, ఊళ్లోని పేదలకే తక్కువ ధరకు పంచారు. దళిత మహిళలు సొంతంగా నడిపిన రేషన్ అది. కొనేవాడు కనబడితే పంట దానంతట అదే మారుతుంది. తిరుమల దేవస్థానం ప్రసాదాల కోసం ప్రకృతి సేద్యం దినుసులు కొనడం మొదలుపెట్టడం మంచి అడుగు. బడి మధ్యాహ్న భోజనాలు, హాస్టళ్లు కూడా అలా కొంటే మీ నాన్నకు ఎవరూ వీడియోలు చూపించనక్కర్లేదు.

నిషేధం గురించి అడిగారు. సిక్కిం 2003లో నిర్ణయం తీసుకుని, ఎరువుల సబ్సిడీని ఏటా కొంచెం కొంచెం తగ్గిస్తూ, 2014లో చట్టం చేసి, 2016లో పూర్తి సేంద్రియ రాష్ట్రంగా ప్రకటించుకుంది. దాదాపు పదమూడేళ్లు పట్టింది. అదీ మొదటినుంచీ రసాయనాలు చాలా తక్కువగా వాడిన కొండ రాష్ట్రంలో, 75,000 హెక్టార్లకు. శ్రీలంక 2021లో రాత్రికి రాత్రే రసాయన ఎరువుల దిగుమతి ఆపేసింది. నేల మీద ప్రేమతో పాటు డాలర్లు అయిపోవస్తున్నాయన్న భయం కూడా దానికి కారణం. రైతులకు ప్రత్యామ్నాయ ఎరువు అందలేదు, వరి బాగా పడిపోయింది, తేయాకు దెబ్బతింది, బియ్యం దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. ఆ దెబ్బకు అక్కడ సేంద్రియం అన్న మాట వింటేనే రైతులు భయపడే పరిస్థితి వచ్చింది. కృష్ణా డెల్టాలో అలాంటి ప్రయోగం చేయమని నేను ఎవరికీ చెప్పను.

ఇక మీ ఇంటి విషయం.

కౌలు ఐదెకరాల్లో ముందుగా పురుగుమందులు తగ్గించడం మీద దృష్టి పెట్టండి, యూరియా జోలికి వెంటనే వెళ్లకండి. మీ నాన్న చేతులు పొక్కుతున్నది మందులతోనే. డబ్బు ఎక్కువ పోయేదీ వాటి మీదే. వరిలో దోమపోటు (రసం పీల్చే సుడిదోమ) భయంతో చాలామంది ముందుగానే మందు కొడతారు. నాట్లప్పుడు ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదలడం, మధ్యమధ్యలో మడి ఆరగట్టడం, యూరియాను ఒకేసారి గుప్పించకుండా దఫాలుగా వేయడం, వీటితోనే దోమ చాలావరకు అదుపులో ఉంటుంది. దిగుబడికి వచ్చే ప్రమాదం తక్కువ కాబట్టి మీ నాన్న ఒప్పుకునే అవకాశం ఉంది. ఈలోగా మందు కలిపేటప్పుడు, కొట్టేటప్పుడు వాడటానికి మంచి చేతి తొడుగులు, మాస్కు కొనిపెట్టండి, చర్మ వైద్యుడికి చూపించండి. అది సిద్ధాంతాల కోసం ఆగాల్సిన పని కాదు.

పూర్తి ప్రకృతి సేద్యం సొంత ఎకరంన్నరలో చేయండి, అదీ మొత్తం ఒకేసారి వద్దు. డెల్టాలో నీళ్లు మడి నుంచి మడికి పారతాయి. పై మడిలో వేసినది మీ మడిలోకి వస్తుంది. అందుకని మీ పొలంలో ఎత్తుగా, బోదె (పంట కాలువ) పక్కన ఉన్న ముక్క చూసుకోండి. గట్టు మీద కంది, బెండ వేస్తే ఇంటి కూర వెళ్తుంది. ధ్రువపత్రం గురించి ఆలోచించేముందు పక్కపక్కనే ఉన్న నలుగురు రైతులు కలుస్తారేమో చూడాలి. డెల్టాలో ఒంటరిగా ఒక్క మడిని శుద్ధిగా ఉంచడం దాదాపు అసాధ్యం.

కౌలు విషయం ఆసామితో మీరే మాట్లాడండి. మీ నాన్న మాట్లాడితే బేరంలా ఉంటుంది, మీరైతే ఆసామి మాట్లాడే భాషలోనే, ఆయన వాడే వాట్సాప్‌లోనే మాట్లాడగలరు. రెండు విషయాలు అడగండి. 2019 చట్టం కింద ఇచ్చే సాగుదారు హక్కు కార్డు మీద ఏటా సంతకం, మూడేళ్లపాటు పొలం మార్చనన్న మాట. ఏడాదికి మించిన కౌలు పత్రం రాస్తే రిజిస్టర్ చేయించాల్సి ఉంటుంది కాబట్టి, దానికి ఆయన జంకితే ఏటా 11 నెలల పత్రం రాసుకుంటూ, మూడేళ్ల మాటను ఊళ్లో పెద్దమనిషి ముందు ఖాయం చేసుకోండి. కౌలు తగ్గించమని అడగడం కంటే, పంట తగ్గిన ఏడాది తగ్గుదలను ఇద్దరూ పంచుకుందామని అడగడం తేలిక. ఈ పేజీ చదివే వాళ్లలో అమెరికాలో, హైదరాబాద్‌లో ఉండి ఊళ్లో పొలం కౌలుకిచ్చినవారు చాలామంది ఉన్నారు. వారికీ ఇదే నా విన్నపం. మీరు అక్కడ సేంద్రియ కూరగాయలు వెతుక్కుని కొంటున్నారు. మీ సొంత నేల బాగుపడాలంటే మీరు పెట్టాల్సిన ఖర్చు ఒక సంతకం, మూడేళ్ల నమ్మకం.

అమ్మను కూడా అడగండి. మీ ఉత్తరంలో ఆవిడ గురించి టెన్షన్ పడుతోందన్న ఒక్క ముక్కే ఉంది. కషాయాలు కాచడం, పేడ ఎత్తడం, జీవామృతం రోజూ కలియబెట్టడం చివరికి ఎవరి మీద పడతాయో మీకూ తెలుసు. ఇంట్లో పశువు లేకపోతే ఆ పని ఇంకా పెరుగుతుంది. ఊళ్లో సంఘం వాళ్లు తయారు చేసి అమ్ముతుంటే కొనుక్కోండి, ఆ డబ్బు మీరివ్వండి. ఆవిడకు ఇష్టం లేకపోతే ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

అమ్మకం విషయంలో మొదటి రెండేళ్లు ఎక్కువ ధర వస్తుందని ఆశ పెట్టుకోకండి. ఆ ముక్కలో పండినవి ముందు మీ ఇంటికి వాడుకోండి. మిగిలితే మీ ఆఫీసులో, అపార్ట్‌మెంట్‌లో తెలిసినవాళ్లకు ఇవ్వండి. చిన్న మిల్లు దగ్గర్లో ఎక్కడుందో ఇప్పుడే కనుక్కోండి. చాలామంది ఉత్సాహంగా పండించి, ఆడించే చోటు లేక మామూలు వడ్లలో కలిపేస్తారు.

ఉద్యోగం మానేయకండి. ఈ మార్పుకు ప్రభుత్వం ఇవ్వని భద్రతను మీ ఇంట్లో ఇవ్వగలిగింది మీ జీతమే. చేలోకి దిగి మీరు చేసే పని కంటే, దిగుబడి తగ్గితే ఆ నాలుగు బస్తాలు నేను భరిస్తానని మీ నాన్నకు ముందే చెప్పి, ఆ డబ్బు పక్కన పెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది. సొంత ముక్కలో పెట్టే అరెకరానికి ఆ లెక్కన 3,600 లోపే. మీకు అది పెద్ద మొత్తం కాదు, ఆయనకు మాత్రం ధైర్యం. డ్రమ్ములు, యంత్రాలు కొనాలన్న ఆలోచన ఉంటే ప్రస్తుతానికి ఆపండి. ముందు కొట్టు ఖాతా తీర్చండి. ఖాతా లేని రైతుకు ఏ మందు కొట్టాలో, కొట్టకూడదో తానే నిర్ణయించుకునే వీలుంటుంది.

ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు వీడియోల మాట ఎత్తకండి. కొట్టు బాకీ ఎంతుందో, ఎంత వడ్డీ పడుతోందో నాన్నను అడిగి, ఇద్దరూ కూర్చుని రాసుకోండి. ఆయన చెప్పడానికి ఇబ్బంది పడితే బలవంతం చేయకండి, మర్నాడు మళ్లీ అడగండి. జూన్‌లో కొత్త ఖాతా మొదలయ్యేలోపు పాతది తీరాలి. జీలుగు విత్తనం మే నెలలోనే రైతు సేవా కేంద్రంలో అడిగి పెట్టుకోండి, ఆలస్యమైతే అయిపోతుంది.